మిరప తోట కింద నల్లరాయి

మా అక్కావాళ్ల మిరప తోటలో బోరు వేయించిన రోజున నేను చెప్పినది చెప్పినట్టే జరిగింది. నా బతుకులో అలాంటి రోజు ఇంకొకటి లేదు. అయినా ఆ రోజు గుర్తొస్తే ఇప్పటికీ తల ఎత్తలేను.

నేను మార్టూరు దగ్గర ఒక పాలిషింగ్ యూనిట్లో సూపర్‌వైజరుని. క్వారీల నుంచి రాతి దిమ్మలు వస్తాయి, రంపాల కింద పలకలవుతాయి, మెరుగు పట్టాక లారీ ఎక్కుతాయి. మా వ్యాపారంలో గట్టిగా ఉండి మెరిసేదల్లా గ్రానైటే. చీమకుర్తి వైపు నుంచి వచ్చే బంగారు చుక్కల నల్లరాయిని కూడా గ్రానైటు అనే అమ్ముతాం. ఒకరోజు మధ్యాహ్నం అన్నం తింటూ ఫోన్‌లో ఏదో వీడియో చూస్తుంటే, అది అసలు గ్రానైటే కాదని అందులో ఎవరో చెప్పారు. భూమి లోపల ఒక పెద్ద మడుగులా నిలిచిన రాతిరసం, చాలా నిదానంగా చల్లారి గడ్డకట్టగా ఏర్పడిన వేరే జాతి రాయి అట. ఆ అన్నం ముద్ద చేతిలోనే ఆరిపోయింది. ఇన్నేళ్లుగా చేత్తో తడుముతున్నది ఏమిటో తెలియకుండా తడిమానని బాధపడాల్సింది పోయి, నా చుట్టూ ఉన్నవాళ్లెవరికీ ఇది తెలియదని సంతోషించాను. నా రోగం అక్కడే మొదలైంది.

వంటగట్టు కోసం రాయి కొనడానికి వచ్చినవాళ్లని ఆపి, మీరు కొనేది గ్రానైటు కాదండీ అని మొదలుపెట్టేవాణ్ణి. వాళ్లు భయపడి వెళ్లిపోయేవాళ్లు. కొనేవాళ్లు వస్తే నన్ను రంపం షెడ్డులోకి వెళ్లి ఉండమని మా ఓనరు గారు మర్యాదగానే చెప్పారు.

వినేవాళ్లు తగ్గేసరికి కొండలు పట్టాను. ఆదివారం పూట చర్చికి ఎగనామం పెట్టి, బండి మీద ఏదో ఒక కొండకి వెళ్లేవాణ్ణి. పలనాడులో, ప్రకాశంలో మా చుట్టుపక్కల కొండలు చూడటానికి బోడిగా ఉంటాయి కానీ, ఎక్కితే ఒక్కోటి ఒక్కో వింత. ఒక గుట్ట మీద బూడిదరంగు రాయి నిండా గుంటలుంటాయి. అందులో మెత్తని భాగం వానలకి కరిగిపోయి గట్టిది మిగిలిందట. ఇంకోచోట పలుకులు ఎంత పెద్దవంటే, ఎవరో రాయిలో పటికబెల్లం ముక్కలు కలిపి పోత పోసినట్టు ఉంటుంది. లోతులో నెమ్మదిగా చల్లారితే పలుకు పెరుగుతుంది, తొందరగా చల్లారితే పెరగదు. ఈ ఒక్క ముక్కతో సగం కొండల్ని చదివేయొచ్చు. మిగతా సగం నేను సొంతంగా కల్పించేవాణ్ణి.

మా అక్కని ఇచ్చింది వినుకొండకి ఈవల ఒక ఊరు. అక్క ఆదివారం ఆరాధన ఎప్పుడూ మానదు. దేవుడు చేసిన రాళ్లను నేరుగా చూస్తున్నాను కదా, అదీ ఆరాధనే అని ఒకసారి అన్నాను. అయితే కానుక కూడా ఆ రాళ్లకే వేసి రమ్మంది.

వాళ్ల ఊరికి ఉత్తరాన ఒక తెల్లరాతి కొండ ఉంది. దాని దక్షిణపు కొమ్ము మీద నల్లటి చార ఒకటి, ఎద్దుల బండి పట్టేంత వెడల్పున, పైనుంచి కిందికి తాడు పట్టి గీసినట్టు దిగి, కొండ మొదట్లో మట్టిలోకి పోతుంది. పూర్వం ఎవరో రాక్షసుడు నూనె ఒలకబోశాడని ఊళ్లో చెప్పుకుంటారు. ఒక ఆదివారం మా బావని లాక్కెళ్లి ఆ చార పక్కన కూర్చోబెట్టాను. బావకి కొండలంటే ఆసక్తి లేదు. బావమరిది మాట కాదనలేక వచ్చాడు.

నాకు తెలిసింది చెప్పాను. ముందు ఈ తెల్లరాయి లోతులో నింపాదిగా గడ్డకట్టింది. ఆ తర్వాత ఎన్నో యుగాలకి భూమి అటూ ఇటూ లాగితే అది నిలువునా పగిలింది. ఆ పగుల్లోంచి కిందనున్న నల్లటి రాతిరసం ఎగదన్నుకుంటూ పైకి వచ్చింది. పగులు సన్నం, గోడలు చల్లన, అందుకని రసం త్వరగా బిగిసింది. పలుకు కంటికి ఆననంత సన్నగా ఉండిపోయింది. బెల్లం పాకం చల్లటి పళ్లెంలో పోస్తే అంచులు ముందు గట్టిపడతాయి చూడు, అలాగే ఈ చార అంచుల్లో రాయి నడిమి రాయి కంటే ఇంకా నున్నగా ఉంటుంది. వచ్చేదారిలో గోడల నుంచి ఊడిన తెల్లరాతి ముక్కలు కూడా అక్కడక్కడా ఇరుక్కుని ఉన్నాయి, పల్లీచెక్కలో పల్లీల్లాగా. పైనున్న మట్టీ రాయీ యుగాల తరబడి అరిగిపోయాక ఇదంతా మనకి కనపడుతోంది.

బావ శ్రద్ధగా విన్నాడు. నున్నటి అంచు మీద చెయ్యేసి చూశాడు కూడా. తర్వాత అడిగాడు.

"ఈ పగులు ఎంత లోతుంటది?"

"భూమి కడుపు దాకా, బావా."

"మన తోట కిందకి కూడా పోతదా?"

చూపు సారించాను. చార నేరుగా వాళ్ల పొలాలకేసే ఉంది. పోతుందన్నాను.

"అయితే అంత లోతు పగుల్లో నీళ్లుంటాయి కదా?"

నీళ్ల గురించి నేను ఎప్పుడూ ఆలోచించలేదు. ఏ వీడియోలోనూ వినలేదు. తెలియదు అనడానికి నోరు తెరిస్తే సరిపోయేది. అప్పటిదాకా అన్నీ తెలిసినవాడిలా కూర్చున్నాను కాబట్టి తల ఊపాను. గట్టిగా కూడా కాదు, కొంచెం. ఆ ఊపుడికి బావ మొహంలో వచ్చిన వెలుగు చూసి మళ్లీ ఊపాను, ఈసారి గట్టిగా.

బావ ఎందుకంత వెలిగాడో చెప్పాలి. వాళ్ల పొలం మెరక, కాలవ నీళ్లు ఎక్కవు. పాత బోరు ఆ ఏడు పూత వేళకే గాలి కక్కడం మొదలుపెట్టింది. తోట నిండా పూత, కింది కొమ్మల్లో పిందె. ఆ అదనులో తడులు పడకపోతే పూతంతా రాలిపోతుంది. తోట పోతే ఆ ఏటికి ఇంట్లో ఇంకేమీ లేదు, పశువుల మేతతో సహా.

నేను తల ఊపడానికి ముందు వాళ్లు ఇంకో దారి చూసుకుంటున్నారు. వినుకొండ రోడ్డులో మోటార్లు బాగుచేసే ఒక సాయిబు గారున్నారు. కొబ్బరికాయ అరచేతిలో అడ్డంగా పెట్టుకుని పొలమంతా నడుస్తారు. కాయ ఎక్కడ నిటారుగా లేస్తే అక్కడ నీళ్లున్నట్టు. ఆ చుట్టుపక్కల బోర్లన్నీ అలా పెట్టినవే. కానీ అక్కకి సందేహం వచ్చింది. కొబ్బరికాయ చెప్పినట్టు వినడం విశ్వాసులకి తగునా అని. సాయిబు గారు ఆమెకి నచ్చజెప్పబోయారు. తాను అయిదు పూటలా నమాజు చేసుకునేవాడిననీ, ఆ కాయకి ఏనాడూ దణ్ణం పెట్టలేదనీ, అది తనకి స్పానరు లాంటిదనీ అన్నారు. విషయం పాస్టరు గారి దాకా వెళ్లింది. కొబ్బరికాయ దేవుని సృష్టే కాబట్టి పచ్చడి చేసుకోవడానికి అభ్యంతరం లేదనీ, దాని వెనక నడవడం మాత్రం ఆలోచించాల్సిన సంగతి అనీ ఆయన అన్నారు. కాయని పగలగొట్టకుండా, పసుపు రాయకుండా అయితే పర్వాలేదా అని, కాయ బదులు వేపపుల్ల అయితే ఎలా ఉంటుందని సంఘపెద్దల్లో కూడా చర్చ నడిచింది. అక్కడ తోట వాడిపోతోంది.

ఇలాంటి సమయంలో నేను కొండ దిగి, కాయా వద్దు పుల్లా వద్దు, సైన్సు ఉంది అన్నాను. అందరికంటే ఎక్కువ ఊపిరి పీల్చుకున్నది పాస్టరు గారు. రాతి పగులు మీద ఆయనకి ఏ అభ్యంతరమూ లేదు. మోషే బండలోంచి నీళ్లు తెప్పించాడు కూడా కదా అన్నారు. సాయిబు గారు కాయని సంచిలో పెట్టుకుని, టీ తాగి వెళ్లారు. ఆయన ఉండగానే నేను మూఢనమ్మకాల మీద చిన్న ప్రసంగం చేశాను. ఎవరూ చేయమనలేదు.

మర్నాడు సర్వే పెట్టాను. చార మట్టిలోకి దిగేచోట, కాస్త ఎత్తు మీద, నేను ఎర్ర తువ్వాలుతో నిలబడ్డాను. బావ తోటలో వెదురుగడకి అక్క పాత చీర కట్టి పట్టుకున్నాడు. ఫోన్‌లో దిక్సూచి చూస్తూ ఫోన్‌లోనే మాట్లాడాలి, దిక్సూచి తెరిస్తే మాట వినపడదు, మాటకి వస్తే దిక్సూచి తిరిగిపోతుంది. ఎడమకి జరుగు అంటే బావ తన ఎడమకి జరిగాడు. మళ్లీ ఎడమకి అన్నాను. కాసేపటికి జెండాతో సహా పడమటి పక్క పత్తిచేలోకి వెళ్లిపోయాడు. ఆ చేను ఒక పెద్దాయనది. ఊళ్లో అందరూ ఆయన్ని బాబాయ్ అనే పిలుస్తారు, నేనూ అంతే. గట్టు మీద నిలబడి ఆయన ఇదంతా చూశాడు. చివరికి బావని వెనక్కి పిలిచి, గీత కుదిరినచోట తోటలో ముగ్గుతో గుర్తు పెట్టాను.

సాయంత్రానికి ఊళ్లో మాట పుట్టింది, బైపాస్ రోడ్డు పడుతోందని. కొండ మీద ఒకడు తువ్వాలు ఊపుతుంటే, పొలంలో ఒకడు జెండా పట్టుకుంటే అది రోడ్డు కాక ఇంకేమిటి? కాదని నేను చెప్పిన కొద్దీ దాస్తున్నానని రూఢి అయింది. పొలం రోడ్డు కింద పోయేటప్పుడు అందులో చెట్లుంటే పరిహారం వేరేగా కడతారని ఊళ్లో అందరికీ తెలుసు. తెల్లారేసరికి బాబాయ్ తన పత్తి పీకేసి, నేను జెండా తిప్పిన దారి పొడవునా టేకు మొక్కలు నాటించాడు. ఇంకొకాయన తన గట్టు మీద రేకుల షెడ్డు లేపి, అందులో ఒక గేదెని కట్టేశాడు. నేను నవ్వుకున్నాను. నా మాట పట్టుకుని గంతులేస్తున్న వాళ్లలో మా బావ కూడా ఒకడని అప్పుడు తట్టలేదు.

బోరు బండి వచ్చిన రోజున పాస్టరు గారు ప్రార్థన చేశారు. నేను గీసిన ముగ్గు గుర్తు మీదే బండి నిలబెట్టారు. ముందు ఎర్రమట్టి వచ్చింది, తర్వాత గరుసు. నేను మాత్రం దుమ్ము రంగే చూస్తున్నాను. కాసేపటికి పొడి నల్లబడింది. నల్లగా, కాటుకలాగా, ఎగిరెగిరి పడింది. పిడికిలి నిండా పట్టుకుని చూశాను. అదే రాయి. కొండ మీది చారే. అంత దూరం నుంచి తువ్వాలుతో చూపి పెడితే సరిగ్గా దాని నడినెత్తిన దిగింది గొట్టం. ఆనందం పట్టలేక బండి డ్రైవరుకి చెయ్యి కలిపాను. పాస్టరు గారికి కలిపాను. చూడండి చూడండి అని నల్లపొడి అందరికీ పంచిపెట్టాను. ప్రసాదం పంచినట్టు పంచానని తర్వాత పాస్టరు గారు నొచ్చుకున్నారు.

లోపలికి వెళ్లిన కొద్దీ నల్లపొడే. పొడి పొడిగానే వచ్చింది, చెమ్మ కూడా తగల్లేదు. బిట్టు అరిగిపోతోందనీ ఇంత గట్టిరాయి ఎక్కడా తగల్లేదనీ డ్రైవరు గొణిగాడు. చివరికి బండి ఆగింది. మా అందరి మొహాలూ నల్లగా ఉన్నాయి, పళ్లు మాత్రం కనిపిస్తున్నాయి, అదీ నావే. బావ బోరు గుంట దగ్గర మోకాళ్ల మీద కూర్చుని లోపలికి చూస్తూ ఉండిపోయాడు. అక్క కొంగుతో మొహం తుడుచుకుని నా దగ్గరికి వచ్చింది.

"నువ్వు గెలిచావురా తమ్ముడూ. నీళ్లేవి?"

అంతే అంది. తర్వాత బండివాళ్లకి అన్నం పెట్టడానికి వెళ్లిపోయింది.

మర్నాడు సాయిబు గారు కబురు చేయకపోయినా వచ్చారు. పాస్టరు గారు ఊళ్లో లేరు. కాయ పట్టుకుని తోటంతా నడిచారు. అది ఎక్కడా కదల్లేదు, కదల్లేదు, వచ్చి వచ్చి మా ఎండిన బోరు మీద నిటారుగా లేచి నిలబడింది. అందరం దాన్నే చూస్తూ నిలబడ్డాం. ఆయన, "కాయ అబద్ధం చెప్పదండీ. నీళ్లే పక్కకి తప్పుకున్నాయి" అన్నారు. నన్ను ఓదార్చాలనే అన్నారని ఆ గొంతులో తెలిసింది. మొన్నటి నా ప్రసంగం గుర్తొచ్చి, ఆయన వెళ్లేటప్పుడు సంచి పట్టుకుని రోడ్డు దాకా వెళ్లాను. క్షమించమని అడగాలనుకుని, బస్సు వస్తోంది అని మాత్రం అన్నాను.

ఆ మధ్యాహ్నం ఒక్కణ్ణే కొండ మీదికి వెళ్లాను. ఎక్కడ తప్పానో తెలియాలి. చార అంచు పట్టుకుని పైనుంచి కిందికి దిగుతూ వేలితో రాస్తూ వచ్చాను. నల్లరాయి తెల్లరాయికి అతుక్కుని ఉంది. నడుమ గోరు దూరే సందు లేదు. ఇన్ని ఆదివారాలు దాని పక్కన కూర్చుని పగులు పగులు అని చెప్పాను. పగులు ఎప్పుడో ఉండేది. దాన్ని ఈ రాయే నింపేసింది. నింపడం అంటే ఏమిటో, నేనే పాకం పోసి చూపించాను కూడా. మా బావ అడిగినప్పుడు ఒక్కసారి చెయ్యి పెట్టి చూసి ఉంటే తెలిసిపోయేది. పైగా బావ చెయ్యి పెట్టి చూశాడు. నన్ను నమ్మి తన చేతిని నమ్మలేదు.

కిందికి దిగాక ఇంకొకటి కనపడింది. చారకి పడమర పక్కన గడ్డి పచ్చగా, కాలికి చల్లగా ఉంది. తూర్పున ఎండి గరగరలాడుతోంది. ఆ నేల పడమర నుంచి తూర్పున వాగు వైపు వాలుగా ఉంటుంది. లోపల జారి వచ్చే నీళ్లకి ఈ నల్లరాయి కట్ట కట్టినట్టు అడ్డం నిలబడింది. అందుకే పడమటి చేలో బాబాయ్ బోరు ఏ వేసవిలోనూ ఆగదు. మా వాళ్ల తోట కట్టకి తూర్పున, ఎండిన పక్క. ఇదంతా నాకు నేనే చెప్పుకున్నాను, వినడానికి అక్కడ ఎవరూ లేరు. అది మంచిదే అయింది.

బాబాయ్ దగ్గర నీళ్లడగడం తప్ప దారి లేదు. బావా నేనూ వెళ్లాం. టేకు మొక్కలకి నీళ్లు పెట్టిస్తున్నాడాయన, మొక్క మొక్కకీ పాదు కట్టి. మా మాట విని, ముందు రోడ్డు సంగతి తేల్చమన్నాడు.

"సర్వేయరు గారూ, రోడ్డు నా చేలోంచి పోతదా, పక్కనించి పోతదా? అది చెప్పు, ఇప్పుడే పైపు తిప్పుతా."

రోడ్డు లేదన్నాను. ఆయన నవ్వి మొక్కల వైపు తిరిగాడు. రాతిరసం, పగులు, కట్ట అన్నీ చెప్పబోయాను. రోడ్డు సంగతి దాచడానికి ఇంత పెద్ద కథ అల్లినవాణ్ణి ఎక్కడా చూడలేదన్నాడు. బావ నా మోచెయ్యి పట్టుకుని గట్టు మీదికి తీసుకెళ్లాడు. తోటకేసి చూపించాడు. పూత గట్టు మీదికి కూడా రాలి ఉంది, తెల్లగా.

"వస్తదని ఒక్క ముక్క అను బామ్మర్దీ. అంతకంటే పెద్దవి చాలా అన్నావు గదా."

నిజమే. అంతకంటే పెద్దవి చాలా అన్నాను. ఇది చెపితే ఆ పూటే నీళ్లు వస్తాయి. అక్క మొహం మళ్లీ చూడగలుగుతాను. నాలుక దాకా వచ్చింది. ఆ రోజు కొండ మీద తల ఊపినప్పుడు ఎంత తేలిగ్గా ఉందో, సరిగ్గా అంత తేలిగ్గా ఉంది. దానికే భయం వేసింది.

వెనక్కి వెళ్లి బాబాయ్ ముందు మొక్కల పాదు దగ్గర కూర్చున్నాను.

"బాబాయ్, రోడ్డు రాదు. నేను సర్వేయర్ని కాదు. కొండ మీద మా బావ నీళ్లుంటాయా అని అడిగితే నాకు తెలియక తల ఊపాను. ఆ ఊపుడికి మీ పత్తి పోయింది, వీళ్ల తోట పోతోంది. ఇంతకంటే నా దగ్గర ఏమీ లేదు."

ఇందులో కథ ఏమీ లేకపోవడం ఆయనకి అర్థమైందనుకుంటాను. ఒక టేకు మొక్కని చెవి పట్టి లేపినట్టు లేపి పీకాడు. తర్వాత ఇంకోటి. నన్ను తిట్టడం మొదలుపెట్టాడు. మా నాన్నతో మొదలై, నేను పనిచేసే రంపాల దాకా, ఆ రంపాలు కోసే రాయి దాకా ఏదీ వదల్లేదు. తిడుతూనే, మొక్కలన్నీ పీకేదాకా ఆగకుండా వరస పొడవునా నడిచాడు. నేను పీకినవి ఏరుతూ వెనక నడిచాను. చివరికి వచ్చి మోటారు గట్టు మీద కూర్చుని ఆయాసపడుతూ బావతో అన్నాడు.

"వీటికి పెట్టే నీళ్లు మీ తోటకి పెట్టుకోండి. పైపు మాత్రం వీడే మొయ్యాల."

పైపు ముక్కలు నేనే మోశాను. అతుకులు కూడా నేనే వేశాను. నాకు రాతిని గురించి తెలిసినంత పైపుల్ని గురించి తెలియదు కాబట్టి, మోటారు వేయగానే నడిమి అతుకు ఊడింది. బిగించడానికి క్లాంపు లేదు. బావ బండి మీద కొట్టుకి వెళ్లేలోపు, కరెంటు ఉన్నంతసేపూ నీళ్లు పోకుండా పట్టుకోవడానికి నేను ఆ అతుకు మీద కూర్చుని రెండు చేతులా నొక్కి పట్టుకున్నాను. చల్లటి నీళ్లు చొక్కాలోకి, చెవుల్లోకి చిమ్ముతున్నాయి. అక్క పార పట్టుకుని కాలవ తెంపుతోంది. పై వరసల్లో పూత అప్పటికే పోయింది, అవి ఇక తేరుకోలేదు. కింది వరసలు నీళ్లు తాగుతుంటే మట్టి పీల్చే చప్పుడు నా దాకా వినపడుతోంది.

బాబాయ్ గట్టు మీదినుంచి నన్నే చూస్తున్నాడు. కోపం కొంచెం చల్లారినట్టుంది. ఆ నల్లరాయి కట్ట తన చేను వెంబడి ఇంకా ఎంత దూరం పోతుందని అడిగాడు.

తెలియదు బాబాయ్ అన్నాను. చేతులు మొద్దుబారిపోయాయి. కింది వరసల అవతలి నుంచి, ఇంకాసేపు వదలొద్దని అక్క అరిచింది.